ధాన్యోత్పత్తికి ప్రభుత్వ సహాయము – అది రైతు చేతికి చేరు మార్గము

వరి పండించుట ఒక పని. పండిన వడ్లకు తగిన వెల చేతికి వచ్చుట మరియొక పని. మొదటి పనిలో మన డెల్టా రైతుకు ఇతరులు నేర్పవలసినది అంతగా లేదు. రెండవ పనిలో మాత్రము ప్రభుత్వము చేయు సహాయమెట్టిది, అది ఏ దారిన వచ్చును, ఆ దారిలో ఎక్కడ ఆగిపోవును అను సంగతులు తెలియక ఏటేటా నష్టపడువారు కలరు. ఆ సంగతులను రైతు సోదరులకును, గ్రామోద్యోగులకును ఉపయోగపడు రీతిని ఇక్కడ వివరించుచున్నాము.

ఒక కౌలురైతు లెక్క

2024 ఖరీఫు పంట కోతల కాలములో, గోదావరి డెల్టాలో నేను పనిచేయు మండలమునందు, ఒక కౌలురైతు మా కార్యాలయమునకు వచ్చినాడు. అతడు మూడెకరముల వరి చేసినాడు. పంట చక్కగా పండి ఎకరమునకు 28 బస్తాల చొప్పున మొత్తము 84 బస్తాలు అయినవి. బస్తా అనగా 75 కిలోలు. అందులో ఎకరమునకు 12 బస్తాల చొప్పున 36 బస్తాలు కౌలు క్రింద పోగా అతనికి మిగిలినవి 48 బస్తాలు.

ఆ యేడు సాధారణ రకపు వడ్లకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ లెక్కన బస్తాకు 1,725 రూపాయలు రావలెను. అతడు కళ్ళములోనే ఒక వ్యాపారికి బస్తా 1,450 రూపాయలకు అమ్మివేసినాడు. బస్తాకు 275 రూపాయల వంతున 48 బస్తాలకు 13,200 రూపాయలు నష్టము. రాబోవు పంటకు మూడెకరములకు కావలసిన ఎరువుల ఖర్చులో పెద్ద భాగము ఆ సొమ్ముతో గడచిపోవును.

“కొనుగోలు కేంద్రానికి ఎందుకు తీసుకెళ్ళలేదు?” అని అడిగితిని.

“సార్, చేను నేను చేశాను. కాగితం మీద మాత్రం ఆసామి చేశాడు. డబ్బు ఆయన ఖాతాలో పడుద్ది. ఆయన ఊళ్ళో ఉండడు. నాకేమో కోత మిషను బాడుగ ఆ రోజే కట్టాలి” అని అతడు చెప్పినాడు.

ఈ-పంట నమోదులో ఆ మూడెకరములకు సాగుదారుగా భూయజమాని పేరు వ్రాయబడి ఉన్నది. ఆ జాబితాను గ్రామములో గోడకు అంటించి, అభ్యంతరములుంటే చెప్పవలసినదని కోరితిమి. ఎవరును రాలేదు. జాబితా సరిగా ఉన్నదని భావించి పై అధికారులకు పంపితిమి. దాని క్రింద నా సంతకము కూడ ఉన్నది. పంట పండినది, ధర ప్రకటింపబడినది, కేంద్రము తెరువబడినది. అయినను సహాయము రైతునకు చేరలేదు. ఒక్క పేరు తప్పు పడుటచేత ఇంత జరిగినది.

సహాయము పుట్టిన చరిత్ర

ధాన్యోత్పత్తికి ప్రభుత్వము పూనుకొనుట ఈనాటిది కాదు. 1942లో బర్మా జపానువారి వశమై, అచ్చటి బియ్యము మన దేశమునకు రాక నిలిచిపోయినది. 1943లో వంగదేశమున ఘోరమైన కరువు వచ్చినది. ఆ రోజులలోనే “అధికాహారోత్పత్తి ఉద్యమము” మొదలైనది. బావులకు, ఎరువులకు, విత్తనములకు ప్రభుత్వము సొమ్ము ఇచ్చినది. కాని సహాయము పలుచగా చల్లిన విత్తనమువలె అక్కడొకటి ఇక్కడొకటి పడినది. 1952లో శ్రీ వి. టి. కృష్ణమాచారి గారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము ఈ ఉద్యమమును విచారించి, సాగును పల్లె జీవనమునుండి విడదీసి చూడరాదనియు, రైతువద్దకు నిత్యము వెళ్ళు విస్తరణోద్యోగులు ఉండవలెననియు చెప్పినది. 1953 అక్టోబరు 2న జాతీయ విస్తరణ సేవ ప్రారంభమైనది.

1960–61లో మరియొక అడుగు పడినది. విత్తనము, ఎరువు, అప్పు, సలహా అన్నియు ఒకే చోట, ఒకే కాలములో, ఒకే రైతునకు అందవలెనను ఉద్దేశముతో ఏడు జిల్లాలను ఎన్నుకొని సాంద్ర వ్యవసాయ పథకమును ప్రారంభించినారు. రైతులు దానిని “ప్యాకేజీ ప్రోగ్రాము” అని పిలిచినారు. తంజావూరు, లూథియానా, ఆలీగఢ్, రాయపూరు, షాహాబాదు, పాలి జిల్లాలతోపాటు మన పశ్చిమ గోదావరి జిల్లా ఆ ఏడింటిలో ఒకటి. ప్రతి రైతునకును అతని భూమిని బట్టి పంట ప్రణాళిక వ్రాసి, దానిని బట్టి సహకార సంఘము ద్వారా అప్పు, ఎరువు ఇప్పించుట అందులోని ముఖ్యాంశము.

అయితే ఆనాటి అక్కుళ్ళు, కృష్ణకాటుకలు మొదలైన రకములు ఎత్తుగా పెరుగునవి. ఎరువు ఎక్కువైనచో పడిపోవును. గట్టి కాడగల పొట్టి రకము వచ్చువరకు ఎరువు సహాయమునకు పూర్తి ఫలము రాలేదు. 1966లో ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్. 8 రకమును విడుదల చేసినది. మరుసటి సంవత్సరమే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన శ్రీ నెక్కంటి సుబ్బారావు గారు దానిని తమ పొలములో పండించి చూపి, ఇతర రైతులకు మార్గదర్శకులైరి. తరువాత మన పరిశోధన స్థానములే మనకు రకములను ఇచ్చినవి. 1982లో మారుటేరునుండి స్వర్ణ, 1986లో బాపట్లనుండి సాంబ మసూరి వెలువడినవి. నేడు వాటి పేరు తెలియని వరి రైతు లేడు.

పంట పెరిగినచో ధర పడిపోవునను భయము రైతునకు సహజము. ఆ భయము పోగొట్టుటకు 1965 జనవరిలో ఆహార సంస్థను, వ్యవసాయ ధరల కమీషనును నెలకొల్పినారు. మద్దతు ధర అనునది అప్పటినుండి మనకు తెలిసినది. 1950–51లో దేశమంతటను పండిన బియ్యము సుమారు 2 కోట్ల 6 లక్షల టన్నులు. 2023–24లో అది 13 కోట్ల 70 లక్షల టన్నులు దాటినది. ఈ పెరుగుదల విత్తనము, నీరు, ఎరువు, ధర అను నాలుగింటి కలయికవలన వచ్చినది. వీటిలో ఏ ఒక్కటి రైతునకు అందకపోయినను తక్కిన మూడింటి ఫలము తగ్గును.

నేడు లభించు సహాయములు

విత్తనము: ధ్రువీకరించిన విత్తనమును రైతు సేవా కేంద్రముల ద్వారా అందజేయుచున్నారు. సంచికి కుట్టిన చీటీని, కొన్న రసీదును పంట ఇంటికి వచ్చువరకు దాచుకొనవలెను. మొలక రాకపోయినను, కల్తీ కనబడినను, ఆ రెండు కాగితములు లేనిదే ఎవరును ఏమియు చేయలేరు.

ఎరువు: 45 కిలోల యూరియా బస్తా రైతునకు 266 రూపాయల 50 పైసలకు దొరకుచున్నదనిన, మిగిలిన ఖరీదును ప్రభుత్వము భరించుచున్నదని అర్థము. చవుకగా ఉన్నదని ఎక్కువ వేయుట తగదు. ముదురాకుపచ్చగా ఏపుగా పెరిగిన చేనును దోమ, తెగుళ్ళు ముందుగా పట్టును. నత్రజనిని దమ్ములోను, దుబ్బు చేయునప్పుడును, అంకురము ఏర్పడునప్పుడును మూడు దఫాలుగా వేయవలెను. 2015లో మొదలైన భూసార పత్రముల పథకము క్రింద మట్టి పరీక్ష చేయించుకొని, భాస్వరము నిండుగా ఉన్న చేలలో డి.ఎ.పి. తగ్గించినచో ఆ మేరకు ఖర్చు మిగులును.

అప్పు: కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయల వరకు పంట ఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోగా తీర్చినవారికి అందులో 3 శాతము తగ్గి 4 శాతమే పడును. ఊరిలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనిన సంవత్సరమునకు 24 శాతము. ఈ రెండింటికిగల తేడాను వేరుగా చెప్పవలసిన పని లేదు.

బీమా: 2016లో ప్రారంభమైన ఫసల్ బీమా పథకములో ఆహార ధాన్యములకు రైతు వాటా ఖరీఫునకు 2 శాతము, రబీకి ఒకటిన్నర శాతము. కోసి పనలమీద ఆరవేసిన పంట అకాల వర్షమునకు తడిసినను, కోసిన 14 దినములలోపు జరిగిన నష్టమునకు పరిహారము కోరు అవకాశము ఆ పథకములో కలదు. అయితే నష్టము జరిగిన 72 గంటలలోగా తెలియజేయవలెను. “వాన వెలిశాక చూద్దాం” అని కూర్చున్నవారు గడువు దాటిపోయిన తరువాత వచ్చుట మేము చూచుచుందుము.

ధర: 2025–26 ఖరీఫునకు సాధారణ రకము వడ్లకు క్వింటాలుకు 2,369 రూపాయలు, ‘ఎ’ గ్రేడు రకమునకు 2,389 రూపాయలు మద్దతు ధరగా ప్రకటించినారు. మెట్ట పైరులకును ధర కలదు. అదే సంవత్సరమునకు రాగులకు 4,886 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699 రూపాయలు, సజ్జలకు 2,775 రూపాయలు, మొక్కజొన్నకు 2,400 రూపాయలు. కాలువ చివర భూములలో నీరు చాలక ప్రతి యేడు వరి ఎండగట్టుకొను రైతులు రబీలో ఈ ధాన్యములను గురించి ఆలోచింపవచ్చును. కాని దగ్గరలో కొనుగోలు కేంద్రము తెరువబడునా అని ముందుగా విచారించుకొనిన తరువాతనే విత్తవలెను. కొనువారు లేనిచోట ప్రకటించిన ధర రైతునకు అక్కరకు రాదు.

పంట నమోదు – నేటి అజమాయిషీ

పూర్వము కరణములు పైరు మీద ఉన్నప్పుడు పొలము పొలము తిరిగి, ఏ నంబరులో ఎవరు ఏమి చేసినారో అడంగల్‌లో వ్రాసెడివారు. దానిని అజమాయిషీ అనెడివారు. 1984లో కరణముల పద్ధతి రద్దయినది. కాని ఆ పని అవసరము తీరలేదు. నేటి ఈ-పంట నమోదు ఆ అజమాయిషీయే. బీమా, నష్టపరిహారము, ధాన్యము అమ్మకము అన్నియు ఈ ఒక్క నమోదుపై ఆధారపడి ఉన్నవి. అందుచేత దీనిని చిన్న పనిగా ఎంచరాదు.

రైతు చూచుకొనవలసిన సంగతులు నాలుగు: సర్వే నంబరు సరిగా ఉన్నదా, విస్తీర్ణము సరిగా ఉన్నదా, వేసిన రకము పేరు సరిగా ఉన్నదా, సాగుదారు పేరు ఎవరిది. ఈ నాలుగింటిని గ్రామములో ప్రదర్శించు జాబితాలో చదువుకొని, చదువు రానివారు ఇంటి పిల్లలచేత చదివించుకొని, తప్పున్నచో గడువులోనే చెప్పవలెను.

కౌలుదారుల విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టము వచ్చినది. దాని ప్రకారము భూయజమాని, సాగుదారు 11 నెలల కాలమునకు ఒప్పందము వ్రాసికొని సంతకములు చేసినచో సాగుదారునకు కార్డు ఇచ్చెదరు. ఆ కార్డు పంటకు సంబంధించినదే గాని భూమికి సంబంధించినది కాదు. దానివలన కౌలుదారునకు భూమిపై ఎట్టి హక్కును రాదు. ఈ సంగతి తెలియక చాలమంది యజమానులు సంతకమునకు వెనుదీయుచున్నారు. కౌలుదారులును, “అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వడేమో” అని జంకుచున్నారు. ఇద్దరి భయమువలన లాభపడువాడు కళ్ళములో చవుకగా కొను వ్యాపారి ఒక్కడే. కౌలుదారునకు మంచి ధర వచ్చినచో కౌలు సకాలములో ముట్టునని యజమానులు గ్రహింపవలెను.

వడ్ల నెమ్ము – తూకపు లెక్క

పేరు సరిగా ఉన్నను కేంద్రము వద్ద మరియొక చిక్కు కలదు. కోత మిషనుతో కోసిన వడ్లు పచ్చిగా ఉండును. కేంద్రమునకు కావలసిన తేమ 17 శాతమునకు మించరాదు. మట్టి, రాళ్ళు 1 శాతము, తాలు, గడ్డి వంటివి 1 శాతము, పాలుపోసుకొనని, ముడుచుకొనిన గింజలు 3 శాతము, చెడిన, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు తిన్న గింజలు 5 శాతము దాటరాదు.

“ఆరబెడితే తూకం తగ్గుద్ది, ఆ పాటికి పచ్చివే అమ్ముకుంటే మేలు” అని చాలమంది చెప్పుదురు. ఈ లెక్క చూడుడు. 22 శాతము తేమగల 75 కిలోల బస్తాను 17 శాతమునకు ఆరబెట్టినచో అది 70 కిలోల 500 గ్రాములగును. నాలుగున్నర కిలోలు తగ్గినమాట నిజమే. కాని 2025–26 ధరకు ఆ 70 కిలోల 500 గ్రాములకు 1,670 రూపాయలు వచ్చును. పచ్చి బస్తాను 1,450 రూపాయలకు అమ్మినచో 220 రూపాయలు తక్కువ. బరకముల బాడుగ, కూలి తీసివేసినను ఆరబెట్టినవానికే లాభము.

వడ్లను బరకముమీద రెండు అంగుళముల మందమునకు మించకుండ పరచి, గంటకొకసారి కాలితో తిరుగదోయవలెను. రోడ్డు తారుమీద ఎండబోసినచో రాళ్ళు కలియుటయే గాక గింజ పగిలి మరలో నూక ఎక్కువగును. రాత్రులు కుప్ప చేసి మంచు తగులకుండ కప్పవలెను. కేంద్రమునకు తోలుటకు ముందే రైతు సేవా కేంద్రములోని తేమ మిషనుతో పరీక్ష చేయించుకొన్నచో, తోలిన బండి వెనుకకు రాదు.

తుపాను కాలములో

మన కోతలకును తుపానులకును ఒకటే ఋతువు. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటిన మిచౌంగ్ తుపానునకు కోతకు వచ్చిన చేలు, కోసి పనలమీద ఉన్న చేలు నీటిపాలైన సంగతి అందరకును జ్ఞాపకమే. కాలువలకు నీరు వదలినవెంటనే నారు పోసి, ముందుగా నాటినచో నవంబరు తుపానులకు లోపుగానే చాల భాగము ఇల్లు చేరును. వాన ముంచుకొని వచ్చునని కబురు తెలిసినచో పండిన చేనును కోయక నిలుపుట మేలు. పడిపోయి తడిసిన చేనులో ముందు బోదెలు తీసి నీరు వదలి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి, కంకులు తడియునట్లు చల్లినచో మొలక ఆగును. ఎకరమునకు 200 లీటర్ల నీటికి 10 కిలోల కల్లుప్పు సరిపోవును. తుపాను దినములలో ఇంతకన్న చవుకైన మందు లేదు.

గ్రామోద్యోగుల బాధ్యత

గ్రామ వ్యవసాయ సహాయకులు, రెవెన్యూ అధికారులు ఈ క్రింది సంగతులు గమనింపవలెను. మొదట, పంట నమోదునకు పోవునప్పుడు గట్టుమీద ఉన్నవానిని “ఈ చేను ఎవరిది?” అని గాక “ఈ చేను ఎవరు చేయుచున్నారు?” అని అడుగవలెను. మొదటి ప్రశ్నకు ఎప్పుడును యజమాని పేరే జవాబుగా వచ్చును. రెండవది, జాబితాను గోడకు అంటించుటతో పని తీరినదని తలపరాదు. సాయంకాలము రైతులు పొలమునుండి తిరిగివచ్చిన తరువాత రామాలయము వద్దనో, రచ్చబండ వద్దనో పేరు పేరున చదివి వినిపింపవలెను. మూడవది, గోనె సంచులు, లారీలు కోతకు ముందే గ్రామమునకు చేరునట్లు చూడవలెను. సంచి రాక వడ్లు నాలుగు దినములు కళ్ళములో ఉన్నచో, అయిదవ దినమున రైతు వ్యాపారిని పిలుచును. అప్పుడు తప్పు రైతుది కాదు.

2025 ఖరీఫులో మా మండలములో కొన్ని గ్రామములందు ఇట్లే సాయంకాలము జాబితా చదివితిమి. ఒక్క గ్రామములోనే పదునొకండు పేర్లు సరిదిద్దవలసివచ్చినవి. మొదట చెప్పిన కౌలురైతు ఆ యేడు శ్రావణమాసములోనే తన ఆసామిని వెంటబెట్టుకొని కార్యాలయమునకు వచ్చినాడు. ఆసామి కాగితమును రెండుసార్లు చదివి, “ఇది పదకొండు నెలలకేనా? భూమికి దీనితో సంబంధం లేదా?” అని అడిగి, సంతకము చేసినాడు. ఆ పని మొత్తమునకు అరగంట పట్టినది. అంతకుముందటి యేడు ఆ అరగంట చేయనందుకు ఆ కుటుంబము 13,200 రూపాయలు పోగొట్టుకొన్నది.

కావున రైతు సోదరులు నాట్లు పూర్తికాగానే తమ పేరు నమోదులో ఉన్నదో లేదో చూచుకొనవలెను. కౌలుకు ఇచ్చినవారు సంకోచము విడిచి సంతకము చేయవలెను. ప్రభుత్వోద్యోగులమైన మేము జాబితాపై సంతకము పెట్టుటకు ముందు ఒక్కసారి చేలగట్లు తిరిగి, చేసినవాని పేరును వాని నోటినుండియే వినవలెను. మద్దతు ధర ఢిల్లీలో నిర్ణయమైనను, అది రైతునకు దక్కునో లేదో తేలునది గ్రామమునందే.